పోల్కా బ్యాండు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోల్కా అంటే రెండు దెబ్బల తాళంలో జంటలుగా ఆడే నృత్యం, దాని సంగీతం. పోయిన సంచికలో చార్డన్ పోల్కా బ్యాండు గురించి రాశాం. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, క్లీవ్‌లాండ్‌కి తూర్పున ఉన్న చార్డన్ అనే చిన్న ఊళ్లో 2003లో హైస్కూలు పిల్లలు మొదలుపెట్టిన జట్టు అది. తాతల నాటి స్లొవీనియా పాటలూ, ఈనాటి పాప్ పాటలూ ఒకే అకార్డియన్ (తిత్తి లాగుతూ నొక్కుతూ మెట్లు పలికించే వాయిద్యం) మీద వాయించి, పోల్కా అన్న మాటే వినని కుర్రకారు చేత కూడా అడుగు వేయిస్తోంది. ఆ వ్యాసం చదివి ఇక్కడి నుంచీ అమెరికా నుంచీ చాలామంది పాఠకులు రాశారు. ఒకే ప్రశ్న నలుగురు అడిగిన చోట కలిపి జవాబిచ్చాం.

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్లు. రెండేళ్లుగా పియానో నేర్చుకుంటోంది. పోల్కా బ్యాండును చూసొచ్చిన దగ్గర్నుంచి అకార్డియన్ కొనమని ఒకటే పోరు. ఎంత సైజు కొనాలి? ఇక్కడ గ్యారేజ్ సేల్స్‌లో పాతవి చవగ్గా దొరుకుతున్నాయి. కొనొచ్చా? (స్ట్రాంగ్స్‌విల్, ఒహాయో)

జవాబు: పియానో వచ్చు కాబట్టి బటన్ల రకం జోలికి పోకుండా పియానో అకార్డియనే తీసుకోండి. పెద్దవాళ్లు వాయించే పూర్తి సైజుకి కుడివైపు 41 మెట్లు, ఎడమవైపు 120 బేస్ బటన్లు (అడుగు స్వరాలకీ, కార్డులకీ అంటే కలిపి మోగే స్వరాల గుంపులకీ) ఉంటాయి. బరువు సాధారణంగా పది కిలోలు దాటుతుంది. పదకొండేళ్ల పిల్ల భుజాల మీద ఆ బరువు మోపొద్దు. 26 మెట్లు, 48 బేస్ ఉన్నది గానీ, పిల్ల కాస్త పొడగరి అయితే 34 మెట్లు, 72 బేస్ ఉన్నది గానీ సరిపోతుంది. కూర్చోబెట్టి ఒళ్లో పెట్టి చూడండి. మెట్ల పలక కింది అంచు కుడి తొడ లోపలి వైపు ఆనాలి, తిత్తి బరువు ఎడమ తొడ మీద పడాలి, పై అంచు గడ్డానికి తగలకూడదు. 12 బేస్ ఉన్న బుల్లి వాయిద్యాలు బొమ్మల్లా ముచ్చటగా ఉంటాయి గానీ వాటిలో మైనర్, సెవెంత్ కార్డులు ఉండవు. పోల్కాలో సగం దాకా వచ్చాక శ్రుతి మారుతుంది. అక్కడ చెయ్యి ఆగిపోతుంది.

పాతది కొనొచ్చు, కానీ పైకి మెరుస్తోందని కొనకండి. ముందు పెట్టె తెరిచి వాసన చూడండి. బూజు వాసన వస్తే తిత్తి మడతలకీ లోపలి తోలు ముక్కలకీ చెమ్మ పట్టినట్టే, వదిలెయ్యండి. తర్వాత పట్టీలు విప్పి, ఏ మెట్టూ నొక్కకుండా మెట్ల వైపు పట్టుకుని బేస్ వైపు కిందికి వేలాడనివ్వండి. తిత్తి నింపాదిగా దిగితే మంచిది. జర్రున జారిపోతే ఎక్కడో గాలి పోతోంది. మడతల మూలల్లో కావచ్చు, మెట్ల కింది ప్యాడ్ల దగ్గర కావచ్చు, పెట్టె అంచున ఉండే తోలు కట్టు ఎండిపోయి కావచ్చు.

ఇక ఓపిగ్గా చెయ్యాల్సిన పని: ప్రతి మెట్టునీ తిత్తి లాగుతూ ఒకసారి, నొక్కుతూ ఒకసారి మోగించడం. అకార్డియన్‌లో ఒక్కో స్వరానికి లాగేటప్పుడు మోగే రీడు (గాలి తగిలి కంపించే లోహపు రేకు) వేరు, నొక్కేటప్పుడు మోగే రీడు వేరు. రెండూ ఒకే శ్రుతిలో లేకపోతే తెలిసిపోతుంది. స్వరం ఆలస్యంగా పలికినా, చిటపటలాడినా రీడు వెనక తోలు ముక్క వంకర తిరిగి ఉంటుంది. అసలు పలకకపోతే దుమ్ము ఇరుక్కుని ఉండొచ్చు, రీడే విరిగి ఉండొచ్చు. ఏ రీడ్ల వరసలు మోగాలో మార్చే రిజిస్టర్ మీటలు ఎన్ని ఉంటే అన్నిటిలోనూ ఇదే పరీక్ష.

ఇంత పట్టుదల ఎందుకంటే, పూర్తి సైజు వాయిద్యంలో కుడివైపు నాలుగు రీడ్ల వరసలుంటే ఒక్క ఆ వైపే 328 రీడ్లు. ఎడమవైపు ఐదు వరసలుంటే మరో 120. వీటిని చెక్క దిమ్మలకి తేనెమైనం, రెజిన్ కలిపిన మిశ్రమంతో అతికిస్తారు. కొన్ని దశాబ్దాలకి ఆ మైనం గట్టిపడి పెళుసెక్కుతుంది. ఒక్క రీడు ఊడితే బాగుచేయించుకోవచ్చు, మొత్తం మైనం మార్చాల్సి వస్తే కొన్న ధర కన్నా బాగుచేత ఖర్చే ఎక్కువవుతుంది. అటక మీద ముప్పై ఏళ్లు పడున్న ‘కొత్తదానిలాంటి’ అకార్డియన్ కన్నా, నిన్నటి దాకా ఎవరో వాయిస్తూ వచ్చిన గీతలు పడ్డ అకార్డియన్ నయం.

ప్రశ్న: పద్యనాటకాలకి హార్మోనియం వాయిస్తుంటాను. నాలాంటివాడు అకార్డియన్ పట్టుకుంటే పోల్కా వస్తుందా? (తెనాలి)

జవాబు: వస్తుంది. కానీ మీకు ఏది సులువనిపిస్తుందో అదే మొదట అడ్డం తిరుగుతుంది.

రెండూ ఒకే కుటుంబం. గాలి తగిలి లోహపు రీడు కంపించడమే రెండింటిలోనూ నాదం. కుడిచేతి వేళ్లకి మెట్లు కొత్త కాదు. అయితే హార్మోనియంలో మీరు కొట్టే గాలి ముందు లోపలి తిత్తిలో నిలవ చేరి, అక్కణ్ణుంచి ఒకే ఒత్తిడితో రీడ్లకి వెళుతుంది. మీరు కాస్త ఎగుడుదిగుడుగా కొట్టినా అది సర్దేస్తుంది. అకార్డియన్‌లో ఆ నిలవ లేదు. మీ ఎడమచేతి బలమే నేరుగా నాదం. చెయ్యి వణికితే స్వరం వణుకుతుంది. మెట్టుని గట్టిగా నొక్కినంత మాత్రాన శబ్దం పెరగదు, తిత్తి బిగిస్తేనే పెరుగుతుంది.

తిత్తి దిశ ఎక్కడ మార్చాలన్నది పాట మొదలెట్టకముందే అనుకోవాలి. పోల్కా రెండు దెబ్బల తాళం. నిమిషానికి 120 దెబ్బల నడకలో ఒక ఆవృత్తం సరిగ్గా ఒక సెకను. నాలుగు ఆవృత్తాలు లాగి, నాలుగు నొక్కితే ఎనిమిది ఆవృత్తాల పంక్తి పూర్తవుతుంది. స్వరం మధ్యలో దిశ మారిస్తే అక్కడ పాట తెగినట్టు వినిపిస్తుంది, అందుకే పంక్తి చివర, ఊపిరి తీసే చోట మార్చాలి. తిత్తి పూర్తిగా చాపకండి. ఎంత చాపితే మళ్లీ వెనక్కి తేవడం అంత బరువు. గాలి మిగిలిపోతే ఎడమ బొటనవేలి దగ్గర ఉండే గాలి బటన్ నొక్కి శబ్దం లేకుండా మూసుకోవచ్చు.

ఎడమచేయి మీకు పూర్తిగా కొత్త. బటన్లు కనిపించవు, తడిమి పట్టుకోవాలి. తిత్తి వైపు నుంచి రెండో వరసలో ఒక బటన్‌కి గుంట గానీ చిన్న రాయి గానీ ఉంటుంది. అదే సి, మన లెక్కలో ఒకటి శ్రుతి. దాని పక్కన, మూడో వరసలో సి మేజర్ కార్డ్, అంటే సగప మూడూ ఒక్క బటన్‌తో మోగుతాయి. సి కి సరిగ్గా పైన, గడ్డం వైపు, జి ఉంటుంది. అంటే పంచమం. ఉంగరపు వేలితో సి, మధ్యవేలితో కార్డ్, చూపుడువేలితో జి, మళ్లీ మధ్యవేలితో కార్డ్: ఇదీ ఒక ఆవృత్తం. బేస్ రెండు దెబ్బల మీదా పడుతుంది, కార్డ్ రెండు దెబ్బల మధ్య ఎత్తుగడలో పడుతుంది. 60 దెబ్బల నడకతో మొదలెట్టండి. ఎదుటివాళ్లతో మాట్లాడుతూ కూడా ఎడమచేయి ఆగకుండా నడిచే దాకా వేగం పెంచొద్దు.

అసలు చిక్కు ఇక్కడుంది. పద్యానికి హార్మోనియం వాయించే వేలు మెట్టు వదలదు. రాగం వెనక నాదం నిలవాలి, సందు రాకూడదు. పోల్కాకి ఆ సందే ప్రాణం. కార్డ్ బటన్ నిప్పుని తాకినట్టు తాకి వదిలెయ్యాలి. నిలబెట్టి ఉంచితే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ పూడిపోతుంది, ఆడేవాళ్ల కాలు లేవదు. మీ అలవాట్లలో మానుకోవాల్సింది ఇదొక్కటే. మిగతాదంతా మీకు లాభమే.

ప్రశ్న: పోల్కా ఏ దేశానిది? (కర్నూలు)

జవాబు: బొహీమియాది, అంటే ఇప్పటి చెక్ దేశానిది. 1830ల్లో అక్కడ పుట్టి, 1840ల్లో పారిస్, లండన్ నాట్యశాలలని ఊపేసింది. తర్వాత వలసలతో అమెరికా చేరి ఒక్కో చోట ఒక్కో రూపు కట్టింది. క్లీవ్‌లాండ్‌లో స్లొవీనియా వాళ్లది అకార్డియన్, బాంజో ముందుండే నున్నని నడక. షికాగోలో పోలెండ్ వాళ్లది ట్రంపెట్లు, క్లారినెట్, అకార్డియన్ లాంటి కన్సర్టీనా కలిసిన జోరు. విస్కాన్సిన్, మినసోటాల్లో జర్మన్, చెక్ జట్లకి అడుగు స్వరాలు పలికే పెద్ద ఊదే వాయిద్యం ట్యూబా లేకపోతే కుదరదు. దక్షిణ టెక్సాస్‌లో మెక్సికో మూలాలవాళ్లు బటన్ అకార్డియన్‌కి బాహో సెక్స్తో అనే పన్నెండు తీగల గిటార్ జోడించి కొన్‌హుంతో అనే సంగీతాన్నే తయారుచేసుకున్నారు. విస్కాన్సిన్ 1993లో పోల్కాని తమ రాష్ట్ర నృత్యంగా ప్రకటించుకుంది.

ప్రశ్న: పాప్ పాటల్ని పోల్కాలో కలిపేస్తే సంప్రదాయం ఏం మిగులుతుంది? మన దగ్గర భజనలకి సినిమా వరసలు కట్టినట్టు కాదా ఇది? (హ్యూస్టన్)

జవాబు: ‘అమెరికా పోల్కా రాజు’ అని పేరుపడ్డ ఫ్రాంకీ యాంకొవిక్ కథ చూస్తే జవాబు దొరుకుతుంది. 1915లో స్లొవీనియా వలస కుటుంబంలో పుట్టి క్లీవ్‌లాండ్‌లో పెరిగాడు. స్లొవీనియా పాటల్ని ఇంగ్లిష్‌లో పాడాడు. జట్టులో బాంజో పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో మంచుకి చేతులూ కాళ్లూ గడ్డకట్టుకుపోతే, తీసేయాలన్న డాక్టర్ల మాటకి ఒప్పుకోలేదు, మళ్లీ వేళ్లు కదిలించి వాయిద్యం పట్టాడు. 1948లో అతన్ని దేశమంతటికీ తెలిసేలా చేసి, పది లక్షల పైగా అమ్ముడుపోయిన రికార్డు స్లొవీనియా పాట కాదు. అంతకుముందే ఉన్న అమెరికన్ పల్లెపాట, దాన్ని పోల్కా నడకలోకి మార్చాడు. ఇవాళ పెద్దలు ‘అసలైన క్లీవ్‌లాండ్ బాణీ’ అని దేన్ని పట్టుకుని కుర్రాళ్లని గదమాయిస్తారో, అది నాటి కుర్రాళ్లు బయటి పాటలు తెచ్చి కలుపుకోగా ఏర్పడిందే. టెక్సాస్‌లోని డెంటన్‌లో 1979లో మొదలైన బ్రేవ్ కాంబో అనే జట్టు రాక్ పాటలకి పోల్కా కట్టి రెండు గ్రామీలు కూడా తెచ్చుకుంది. గ్రామీ వాళ్లు పోల్కాకి విడిగా ఒక బహుమతి పెట్టి మొదటిసారి ఇచ్చింది యాంకొవిక్‌కే. 2009లో ఆ విభాగాన్ని ఎత్తేశారు.

అంటే ఏం కలిపినా ఫరవాలేదని కాదు. పాట మారొచ్చు, భాష మారొచ్చు, వేషం మారొచ్చు. నడక మారకూడదు. పాప్ పాట వచ్చేసరికి డ్రమ్మర్ మనసు రాక్ మీదికి పోయి రెండో దెబ్బని బాదడం మొదలెడతాడు, బేస్ వాయించేవాడు సాగదీస్తాడు. పాట అందరికీ తెలిసిందే కాబట్టి జనం ఈలలు వేస్తారు, ఫోన్లు ఎత్తుతారు, కానీ ఆడుతున్న జంటలు పక్కకి తప్పుకుంటాయి. నేల ఖాళీ అయిందంటే అక్కడ పోల్కా ఆగిపోయినట్టే, ఎంత చప్పట్లు పడినా. దీనికి గట్టి కొలమానం కావాలంటే హాల్లో కూర్చున్న డెబ్బై ఏళ్లవాళ్ల కాళ్లు చూడండి. కొత్త పాటకి కూడా ఆ మడమ నేల మీద దెబ్బ వేస్తుంటే మీ బ్యాండు దారిలోనే ఉంది. భజనల సంగతి వేరే వాదం, దాన్ని ఇంకో సంచికకి ఉంచుదాం.

ప్రశ్న: మా అబ్బాయీ అతని స్నేహితులూ ఐదుగురు కలిసి బ్యాండు పెట్టారు. రెండు అకార్డియన్లు, ట్రంపెట్, బేస్ గిటార్, డ్రమ్స్. ఎవరికి వాళ్లు బాగానే వాయిస్తారు, కలిస్తే మాత్రం గోల. లోపం ఎక్కడుంది? (మిల్వాకీ)

జవాబు: నూటికి తొంభై పాళ్లు అకార్డియన్ల ఎడమచేతుల్లో ఉంది. ఒంటరిగా వాయించేటప్పుడు ఎడమచేయే తాళం, బేస్ రెండూ మోస్తుంది. బ్యాండులో ఆ పనికి మనిషి ఉన్నాడు. బేస్ గిటార్ ఒక సి, రెండు అకార్డియన్ల బేస్ రీడ్లు రెండు సి లు, మూడూ వెంట్రుకవాసి తేడాతో పడితే కింది స్థాయి అంతా బురద. క్లీవ్‌లాండ్ బాణీలో బేస్ వాయించేవాడు ఉన్నప్పుడు అకార్డియన్ ఎడమచేయి దాదాపు మౌనంగానే ఉంటుంది. ఇద్దరినీ ఒక్క సాయంత్రం కుడిచేత్తోనే వాయించమనండి. వాయిద్యం లోపల మైకులు బిగించి ఉంటే బేస్ వైపు మైకు మూసేయండి.

రెండో లోపం, జట్టులో దెబ్బల మధ్య ఎత్తుగడ కొట్టేవాళ్లు లేరు. యాంకొవిక్ తరహా జట్లలో ఆ పని నాలుగు తీగల బాంజోది. బాంజో నాదం వెంటనే చచ్చిపోతుంది కాబట్టే అది ఈ పనికి అంత బాగా కుదిరింది. బాంజో దొరికితే సరే. లేకపోతే రెండో అకార్డియన్ పాట వాయించడం మానేసి, కుడిచేత్తోనే మూడు స్వరాల కార్డ్‌ని ఎత్తుగడల్లో పొట్టిగా వెయ్యాలి. చరణం రెండోసారి వచ్చినప్పుడు మాత్రం మొదటి అకార్డియన్‌కి మూడు మెట్ల కింద జోడు స్వరం పలకొచ్చు. అప్పుడు ట్రంపెట్ కాసేపు ఎత్తుగడ కొట్టాలి. ట్రంపెట్‌కి మొదటి నుంచి చివరి దాకా వాయించే అలవాటు ఉంటే మాన్పించండి. గాయకుడు ఊపిరి తీసే రెండు ఆవృత్తాల సందే దానిది.

బేస్ గిటార్ షడ్జమం, పంచమం, షడ్జమం, పంచమం అంటూ దెబ్బ మీదే నడవాలి. ప్రతి స్వరాన్నీ వేలితో ఆపాలి, మోగనివ్వకూడదు. కార్డ్ మారబోయే చివరి ఆవృత్తంలో మూడు నాలుగు స్వరాలు మెట్లెక్కినట్టు నడిపితే అందం. డ్రమ్స్‌లో పెద్ద డ్రమ్ము దెబ్బ మీద, స్నేర్ (చిన్న డ్రమ్ము) గానీ హై-హ్యాట్ (జంట తాళాలు) గానీ ఎత్తుగడ మీద. సొగసులు ఎనిమిదో ఆవృత్తంలో, లేదా పదహారో ఆవృత్తంలో. అంతకు మించి వద్దు.

ఇంకో సూక్ష్మం. అకార్డియన్‌లో మధ్యస్థాయి రీడ్లు రెండు వరసలుంటే, ఒకదాన్ని కావాలనే కాస్త హెచ్చు శ్రుతిలో పెడతారు. సెకనుకి 440 కంపనాల స్వరం దగ్గర తేడా 15 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) ఉంటే సెకనుకి నాలుగు అలలు వినిపిస్తాయి. ఆ అలే అకార్డియన్‌కి తీపి. కానీ మీ రెండు వాయిద్యాల అలలూ ఒకేలా ఉండవు. రెండూ కలిస్తే పులుపు. ఒకరు రెండు వరసల రిజిస్టర్‌లో వాయిస్తుంటే రెండోవారు ఒంటి రీడు రిజిస్టర్‌కి మారాలి. శ్రుతి చేసేటప్పుడు గిటార్‌నీ ట్రంపెట్‌నీ అకార్డియన్‌కి సరిపెట్టాలి, ఎందుకంటే దాని శ్రుతి అక్కడికక్కడ మార్చేది కాదు. పాత వాయిద్యాల్లో కొన్ని 442కి ఉంటాయి. ట్యూనర్‌ని ముందు దానికి సరిచేసుకోండి.

ప్రశ్న: మాది పెళ్లిళ్లకి వాయించే బ్యాండు మేళం. క్లారినెట్, రెండు ట్రంపెట్లు, యూఫోనియం, సైడ్ డ్రమ్, పెద్ద డ్రమ్. అకార్డియన్ లేకుండా పోల్కా వాయించొచ్చా? (రాజమహేంద్రవరం)

జవాబు: నిక్షేపంగా. బొహీమియా ఊళ్లలో, బవేరియాలో పోల్కా వాయించేవి ఊదే వాయిద్యాల జట్లే. మీ మేళం దానికి దగ్గర చుట్టం.

యూఫోనియం దెబ్బల మీద షడ్జమ పంచమాలు పలకాలి. రెండో ట్రంపెట్ ఎత్తుగడల్లో పొట్టి స్వరాలు వెయ్యాలి. పాట క్లారినెట్, మొదటి ట్రంపెట్ పంచుకోవాలి. స్వరస్థానాలు శంకరాభరణానివే, కానీ గమకం పెట్టకూడదు. స్వరం మీద నిలిచి వదలడమే. ముత్తుస్వామి దీక్షితులు బ్యాండు వరసలు విని కట్టిన నొట్టుస్వరాలు మీకు తెలిసే ఉంటాయి, ఆ పద్ధతిలో పలికించండి. వాటిలో పోల్కా మాత్రం వెతక్కండి. దీక్షితులు 1835లో కన్నుమూశారు, పోల్కా బొహీమియా దాటి బయటికి వచ్చింది ఆ తర్వాతే.

అచ్చు నోట్లు తెప్పించుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. మీ క్లారినెట్, ట్రంపెట్ బి-ఫ్లాట్ వాయిద్యాలు. అకార్డియన్ సి అన్నది మీకు డి. మామూలుగా పోల్కా మొదటి భాగం ఎఫ్‌లో, అంటే నాలుగు శ్రుతిలో ఉంటే, ట్రియో అనే మూడో భాగం దాని మధ్యమానికి, అంటే బి-ఫ్లాట్‌కి, ఆరున్నర శ్రుతికి వెళుతుంది. మీ వేళ్లకి అవి జి, సి అవుతాయి. రెండూ సులువే. చాలా పాత పోల్కాలు ట్రియోలోనే ముగుస్తాయి, తిరిగి మొదటి శ్రుతికి రావు. మన చెవికి పల్లవి రాలేదన్న వెలితి ఉంటుంది, కానీ అదే పద్ధతి.

సైడ్ డ్రమ్ దగ్గరే జాగ్రత్త. ఊరేగింపులో అలవాటైన ఎడతెగని రోల్ ఇక్కడ పనికిరాదు. ఎత్తుగడ మీద ఒక్క దెబ్బ, ఖాళీ, మళ్లీ ఒక్క దెబ్బ. ఆ ఖాళీలో చెయ్యి ఊరుకోవడమే మీ డ్రమ్మర్‌కి కష్టం.

ప్రశ్న: తెలుగు సంఘం వేడుకలో ఒక తెలుగు సినిమా పాటని పోల్కాగా వాయిద్దామనుకుంటున్నాం. ఎలాంటి పాట ఎంచుకోవాలి? (ఫ్రిస్కో, టెక్సాస్)

జవాబు: ముందు నడక చూడండి. చతురశ్ర (నాలుగు లెక్క) నడకలో ఉన్న పాట పోల్కా అవుతుంది. తిశ్ర (మూడు లెక్క) నడక పాటని బలవంతంగా రెండు దెబ్బల్లోకి కుదిస్తే మాటలు విరుగుతాయి, దాన్ని వాల్ట్జ్‌గా, అంటే మూడు దెబ్బల జంట నృత్యంగా వాయించండి. మూడు నాలుగు పోల్కాలకి ఒక వాల్ట్జ్ ఎలాగూ కావాలి, ఆడేవాళ్లకి ఊపిరి తిరగాలి కదా.

తర్వాత రాగం. శంకరాభరణం, మోహన ఛాయలున్న పాటలకి మేజర్ కార్డులు హాయిగా కూర్చుంటాయి. కీరవాణి కూడా బాగుంటుంది, తూర్పు ఐరోపా వాళ్ల చెవికి అది సొంత వరసలాగే వినిపిస్తుంది. తోడి, శుభపంతువరాళి లాంటివి వదిలెయ్యండి. గమకం తీసేస్తే అక్కడ రాగమే ఉండదు, కార్డ్ పెడితే ఉన్న కాస్తా పోతుంది.

పాట దొరికాక నేపథ్య సంగీతమంతా పక్కన పెట్టి గొంతు వరస ఒక్కటే కాగితం మీద పెట్టండి. ఒక నాలుగు దెబ్బల ఆవృత్తం రెండు పోల్కా ఆవృత్తాలవుతుంది. కార్డులు మూడింటికి, మహా అయితే ఐదింటికి తగ్గించండి, ఒక్క ఆవృత్తంలో రెండుసార్లు కార్డ్ మారితే బేస్‌కి షడ్జమ పంచమాల నడక దొరకదు. సినిమా పల్లవులు ఒక్కోసారి పది, పన్నెండు ఆవృత్తాలుంటాయి. ఆడేవాళ్లు ఎనిమిది, పదహారు లెక్కలో తిరుగుతారు. మిగిలిన ఆవృత్తాలని ట్రంపెట్‌కో అకార్డియన్‌కో ఇచ్చి పదహారు నింపండి. ముందు నాలుగు ఆవృత్తాల ఎత్తుగీతం పెట్టండి, జంటలు నేల మీదికి రావడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. చరణాన్ని మధ్యమ శ్రుతికి ఎక్కిస్తే పోల్కా ట్రియో తీరు వస్తుంది, అయితే గాయని పైస్థాయి అందుతుందో లేదో ముందే చూసుకోండి. నడక 110కీ 130కీ మధ్య ఉంచండి. తెలుగులో దీర్ఘాలూ ద్విత్వాలూ ఎక్కువ, 130 దాటితే అక్షరాలు మింగేస్తారు.

హక్కుల సంగతి కూడా ఇద్దరు ముగ్గురు అడిగారు. అమెరికాలో వేదిక మీద వాయించడానికి కావాల్సిన లైసెన్సు సాధారణంగా హాలు వాళ్లు పాటల హక్కులు చూసే ఆస్కాప్, బీఎమ్‌ఐ లాంటి సంస్థల దగ్గర తీసుకుంటారు, ఉందో లేదో అడగండి. ఆడియో రికార్డు చేసి అమ్మితే దానికి వేరే లైసెన్సు. వీడియో తీసి పెడితే అది మూడోది, పాట హక్కులున్న కంపెనీని నేరుగా అడగాలి. ఒకటుంటే మిగతా రెండూ ఉన్నట్టు కాదు.

ప్రశ్న: అడుగు ఎలా వెయ్యాలి? యూట్యూబ్ చూసి ప్రయత్నిస్తే కాళ్లు చిక్కుపడుతున్నాయి. (చికాగో)

జవాబు: గెంతుతో మొదలెట్టడం వల్ల చిక్కుపడుతున్నాయి. గెంతు తీసేయండి. ఒక ఆవృత్తంలో మూడు అడుగులు: ఎడమ ముందుకి, కుడి దాని పక్కకి చేర్చు, మళ్లీ ఎడమ ముందుకి. తర్వాతి ఆవృత్తంలో కుడితో అదే. మొదటి రెండు అడుగులు గబగబా, మూడోది కాస్త నిలిచి. ఇది నడకలో కుదిరాక, మూడో అడుగు తర్వాత ఉన్న ఆ నిలుపులో అదే కాలి మీద చిన్నగా లేస్తే అదే గెంతు. క్లీవ్‌లాండ్ వాళ్లు చాలామంది అదీ లేకుండా నేల మీద జారినట్టే ఆడతారు.

జంటగా తిరిగేటప్పుడు ఒక ఆవృత్తానికి సగం చుట్టు, రెండింటికి పూర్తి చుట్టు. హాల్లో అందరూ గడియారం ముల్లుకి ఎదురుగా సాగుతారు. మన గుడి ప్రదక్షిణ అలవాటుతో అటు బయల్దేరితే ఎదురొచ్చే జంటలు గుద్దుకుంటాయి. అడుగులు సరిగా రానివాళ్లు హాలు మధ్యలో, బాగా వచ్చినవాళ్లు అంచున ఆడాలి.

ప్రశ్న: నేరుగా వినాలంటే ఎక్కడికి వెళ్లాలి? (పిట్స్‌బర్గ్)

జవాబు: క్లీవ్‌లాండ్ పక్కనే ఉన్న యూక్లిడ్‌లో క్లీవ్‌లాండ్ బాణీ పోల్కా హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది, 1987లో మొదలైంది. థాంక్స్‌గివింగ్ వారాంతంలో వాళ్లు పెద్ద పోల్కా పండగ చేస్తారు. 1978 నుంచి క్లీవ్‌లాండ్‌లో జరుగుతున్న త్యాగరాజ ఉత్సవానికి ఏటా వెళ్లే తెలుగువాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. అక్టోబర్ బీరు పండగల్లో వాయించే బ్యాండు కన్నా హాలు బ్యాండుని వినండి. పండగలో తాగేవాళ్ల కోసం వాయిస్తారు, హాల్లో ఆడేవాళ్ల కోసం.

ప్రశ్న: మా తమ్ముడు అమెరికా నుంచి పూర్తి సైజు అకార్డియన్ పంపుతున్నాడు. ఇక్కడి సముద్రపు గాలికి నిలుస్తుందా? (విశాఖపట్నం)

జవాబు: జాగ్రత్తగా చూసుకుంటే నిలుస్తుంది. రీడ్లు ఉక్కువి, చెమ్మకి తుప్పు పడతాయి. తుప్పు పట్టిన రీడు శ్రుతి మారిపోతుంది, గీకి సరిచేసేవాళ్లు మనకి అరుదు. పెట్టెలో సిలికా జెల్ సంచులు నాలుగైదు పెట్టి, అవి చెమ్మ పీల్చి రంగు మారినప్పుడల్లా మార్చండి. వాయించినా వాయించకపోయినా వారానికోసారి పది నిమిషాలు అన్ని మెట్లూ మోగించండి. పడుకోబెట్టి దాచొద్దు. వాయించేటప్పుడు ఎలా నిలువుగా ఉంటుందో అలాగే దాని కాళ్ల మీద నిలబెట్టండి, లేకపోతే తోలు ముక్కలు రీడ్ల మీంచి వాలిపోతాయి. వర్షాకాలంలో మెట్టు ఇరుక్కుంటే నూనె వెయ్యకండి. చెక్క చెమ్మకి ఉబ్బి ఉంటుంది, పొడి గదిలో రెండ్రోజులుంచితే చాలావరకు అదే సర్దుకుంటుంది. నూనె మాత్రం ప్యాడ్ల తోలులోకి ఇంకి, అక్కణ్ణుంచి వదలదు.

చెమ్మ కన్నా ఎండ ప్రమాదం. మే నెలలో కారు డిక్కీలో ఒక్క మధ్యాహ్నం వదిలేస్తే మైనం కరిగి రీడ్ల పలకలు పక్కకి జారతాయి. పూర్తి సైజుది విమానంలో తలపై అరలో పట్టకపోవచ్చు, టికెట్ కొనేముందే కొలతలు అడగమనండి. సామానులో వెయ్యాల్సి వస్తే గట్టి పెట్టె ఉండాలి, లోపల వాయిద్యం కదలకుండా నాలుగు వైపులా గుడ్డలు కుక్కాలి, తిత్తి పట్టీలు పైదీ కిందిదీ బిగించాకే మూత వెయ్యాలి.